130 ఎంఎం టేబుల్‌టాప్ డాబ్సోనియన్ టెలిస్కోప్: మూడేళ్లు బర్నార్డ్ స్టార్ వెంటపడ్డాక రివ్యూ

చంద్రుడు, శని రింగులు చూపించని టెలిస్కోప్ ఉండదు కాబట్టి అటు పోను. నేనిది కొన్నది ఒకే ఒక్క చుక్క కోసం, బర్నార్డ్ స్టార్. ఆల్ఫా సెంటారీ మూడు చుక్కల తర్వాత సూర్యుడికి దగ్గరి నక్షత్రం ఇదే, 6 కాంతి సంవత్సరాలే, కానీ రెడ్ డ్వార్ఫ్ (చిన్న, మసక ఎర్ర నక్షత్రం) కదా, మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 9.5, మామూలు కంటికి ససేమిరా ఆనదు.

సెటప్ అంటూ ఏం లేదు, బేస్‌ని గట్టి స్టూల్ మీద పెట్టడమే (ఊగే స్టూల్ మీద పెట్టి మొదటి రాత్రంతా తిట్టుకున్నా, తప్పు నాదే). కూడా వచ్చిన రెడ్ డాట్ ఫైండర్ (చుక్క వైపు గురి పెట్టుకునేది) మాత్రం శుద్ధ దండగ, పది నిమిషాలకే వదులైపోతుంది, రబ్బర్ బ్యాండ్ చుట్టి నెట్టుకొస్తున్నా. కంపెనీకి మెయిల్ పెడితే మాన్యువల్ చదవమన్నారు, చదివే పెట్టాను మహాప్రభో.

ఇక వెతకడం. జూన్, జూలై రాత్రులు మంచివి. సర్పధారి నక్షత్రరాశిలో, అదే ఒఫియూకస్‌లో, బీటా చుక్క పట్టుకుని తూర్పుకి 4 డిగ్రీలు జరిగితే 66 ఒఫియూకి దొరుకుతుంది, 25 ఎంఎం ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకం) అది ఉందంటే మనవాడూ అక్కడే ఉన్నట్టు, డిగ్రీ లోపే వాయవ్యంగా. న్యూటోనియన్‌లో (ఇలాంటి అద్దాల టెలిస్కోప్‌లో) బొమ్మ తలకిందులని మర్చిపోయి నేను అవతలి వైపు ఇంకేదో చుక్కని చూసి సంబరపడిపోయా. 2000 నాటి పాత చార్టు నమ్ముకోకండి, అప్పట్నుంచి ఇది 4 ఆర్క్ నిమిషాలకి (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను) పైగా ఉత్తరానికి నడిచేసింది. ఏడాదికి 10.3 ఆర్క్ సెకన్లు, ఆకాశంలో ఇంత స్పీడు చుక్క ఇంకోటి లేదు, 1916లో ఖగోళ శాస్త్రవేత్త బర్నార్డ్ పట్టింది ఆ నడకనే.

ఎర్రగా మెరుస్తుందనుకుంటే నిరాశే, మసక నారింజ, అదీ అలా చూడగా చూడగా. దాని చుట్టూ తిరిగే చిన్న గ్రహాల సంగతి మర్చిపోండి.

అసలు మజా ఇంకా పెద్దగా చూపించే 10 ఎంఎం ఐపీస్‌తో. పక్కనున్న రెండు సన్న చుక్కలతో కలిపి త్రిభుజం గీసి పెట్టుకున్నా. ఏడాదికి తేడా కనిపిస్తే నా గీతే వంకరేమో అనుకున్నా, మూడో ఏడు అదే నోట్‌బుక్ పక్కన పెట్టి చూస్తే త్రిభుజం కొస స్పష్టంగా జరిగిపోయింది, జూపిటర్ వెడల్పులో ముప్పావు వంతు! ఇంట్లో అందర్నీ లేపి చూపించా, ఎవ్వరికీ అర్థం కాలేదు.

5కి 4. తగ్గిన స్టార్ ఫైండర్ ఖాతాలోది.