“నేనూ ఇదే వాడుతున్నా చెల్లెమ్మా” అని వీడియోలో ఒకావిడ చెప్పిన మాట నమ్మి అమ్మ ఇచ్చిన పెనం పోగొట్టుకున్నా. జాగ్రత్త.

పొయ్యి మీద మూడో దోసె కూడా ముక్కలైంది. కట్టేసి వచ్చి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ఆవిడ పేరు రాయను. ఇనుప పెనం వీడియో అంటే మీలో సగం మందికి అర్థమైపోయి ఉంటుంది. “మూడు నెలల నుంచీ మా ఇంట్లో ఇదే పెనం, మా అత్తగారైతే వేరే దాని మీద దోసె ముట్టుకోవడం లేదు” అన్నదే, అదే. 2,499 రూపాయలు, ఆవిడ కూపన్ కొడితే 1,999. కొట్టాను. కూపన్ కోడే ఆవిడ పేరు. అలా ఎందుకు పెడతారో నాకు అప్పుడు తట్టలేదు. ఎవరి పేరు మీద ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క కట్టి కమీషన్ ఇవ్వడానికట! డిగ్రీ చదివాను నేను, లెక్కల్లో ఫస్టు క్లాసు.

ఇంట్లో పెనం లేక కొనలేదు. నా పెళ్ళికి సారెలో అమ్మ పెట్టిన పెనం ఉంది, పద్దెనిమిదేళ్ళ నుంచీ వాడుతున్నాం, నూనె చుక్క వేయకపోయినా దోసె గాలికి లేచినట్టు లేచేది. కానీ ఆవిడ వీడియోలో “పాత పెనాలు ఏ తుక్కు ఇనుముతో చేస్తారో, అందులో ఏం కలుస్తుందో ఎవరికి తెలుసు? పిల్లలున్న ఇల్లు కదా” అని ఒక్క మాట వదిలింది. ఆ మాట నా బుర్రలో దూరిపోయింది. కొత్తది రాగానే పాత సామాన్లవాడు వీధిలోకి వస్తే అమ్మ పెనం ఇచ్చేసి రెండు కిలోల ఉల్లిపాయలు తెచ్చుకున్నాను.

ఆ ఉల్లిపాయల్లోనే ఒకటి సగానికి కోసి, నూనెలో ముంచి, దోసె అంటుకోకుండా కొత్త పెనాన్ని వారం రోజులు రుద్దాను, దాన్నే సీజనింగ్ అంటారు. రుద్దిన కొద్దీ నలుపు ఊడి వస్తోంది. కొత్త పెనానికి మొదట్లో కాస్త నలుపు అంటడం మామూలే, అది నాకూ తెలుసు. ఇది అంటడం కాదు, పొలుసులు పొలుసులుగా లేస్తోంది, రంగు వేసినట్టే. నడుమ ఉబ్బు. పిండి పోస్తే అంచులకి జారిపోతుంది. మా అత్తయ్య పళ్ళెంలో నల్ల చుక్కలున్న దోసె చూసి ఏమీ అనలేదు. “పాత పెనం ఎక్కడమ్మా?” అని మాత్రం అడిగారు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

సరే, నా చేతకానితనమేమో అనుకుని ఆ వీడియో మళ్ళీ చూశాను. ఈసారి ఆపి ఆపి చూశాను. పిండి పోసేటప్పుడు పెనం కాడకి చివర బొక్క ఉంది. ముందుకి వెళ్ళి, దోసె ఎర్రగా కాలి అట్లకాడతో లేపేటప్పుడు చూస్తే కాడకి బొక్క లేదు! పిండి పోసింది ఒక పెనం మీద, లేపింది ఇంకో పెనం మీద. మూడు నెలలు వాడానన్న పెనం బోర్లించి చూపించినప్పుడు అడుగున మసి మరక కూడా లేదు. ఇంకా నయం, రేటు స్టిక్కరు పీకేసింది. ఇవన్నీ మొదటిసారే నా కళ్ళ ముందే ఉన్నాయి. నేనేమో ఆవిడ కట్టుకున్న మంగళగిరి చీర అంచు చూస్తూ కూర్చున్నా.

కింద వ్యాఖ్యలు సరేసరి. “ఆరు నెలల నుంచీ వాడుతున్నా అక్కా, సూపర్” అని ఒకామె. పెనం అమ్మకానికి పెట్టి రెండు వారాలైందని ఆ వీడియోలోనే చెప్పారు! ఆమె ఖాతాలోకి వెళ్తే ఫోటో లేదు, ఒక్క పోస్టు లేదు. అలాంటివి తొమ్మిది లెక్కపెట్టాను. “నాకు పొలుసులు లేస్తున్నాయండీ” అని నేను రాసింది మాత్రం అరగంటలో మాయం.

అప్పుడు ఆవిడకే మెసేజ్ పెట్టాను. కోప్పడలేదు, ఒట్టు. “అక్కా, మీరు ఎలా సీజనింగ్ చేశారో కాస్త చెప్పరా” అని అడిగాను. మూడు రోజులకి వాయిస్ వచ్చింది. “చూడండి మేడమ్, అది కొలాబ్. వాళ్ళు పంపారు, చెప్పమన్నది చెప్పాం. మేము వాడేది వేరే. చూసుకుని కొనుక్కోవాలి కదా మీరు.” అంతే. కొలాబ్ అంటే కంపెనీతో ఒప్పందం మీద చేసే ప్రచారమట. నేను తిరిగి ఏదో టైప్ చేసేలోగా బ్లాక్.

వీడియోలో చెల్లెమ్మని. డబ్బు కట్టాక మేడమ్‌ని. “మేము వాడేది వేరే” అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! ఆ గొంతులో కాస్త కూడా తడబాటు లేదండీ, కూరగాయలకి బేరం కుదరక పొమ్మన్నట్టు అంది. మరి ఆ అత్తగారు ఏ పెనం మీద తింటున్నారో పాపం.

కొలాబ్ అన్న ముక్క వీడియోలో ఎక్కడా చెప్పలేదు. కింద “మరిన్ని” నొక్కితే ఇరవై హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య ఇంగ్లీషులో ఉంది. 2023 జనవరిలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది: డబ్బు తీసుకున్నా, వస్తువు ఊరికే తీసుకున్నా ఆ సంగతి చూసేవాళ్ళకి స్పష్టంగా, ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి, హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో దాచకూడదు అని. తప్పుదోవ పట్టించే ప్రకటనకి జరిమానా 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా ఉందట. నాకు ఇదంతా డబ్బు పోయాక తెలిసింది, అందరిలాగే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడారు. అమ్మినవాళ్ళేమో “వాడిన పెనం వెనక్కి తీసుకోం” అంటున్నారు. వాడకుండా ఎలా తెలుస్తుంది నాయనా!

మీరు మాత్రం కొనే ముందు కూపన్‌లో ఎవరి పేరుందో చూడండి, వ్యాఖ్యలు పెట్టినవాళ్ళ ఖాతాలు తెరిచి చూడండి. ఒకటి రెండు నక్షత్రాలిచ్చినవాళ్ళు ఏం రాశారో ముందు చదవండి, ఐదు నక్షత్రాలవి తర్వాత. పాతది మాత్రం కొత్తది నెల రోజులు వాడేదాకా ఎవరికీ ఇవ్వకండి.

ఆ పాత సామాన్లతను మళ్ళీ మా వీధికి రాలేదు. మీ ఇళ్ళల్లో బాగా వాడిన ఇనుప పెనం మూలన పడి ఉంటే, అమ్మే ఉద్దేశం ఉంటే చెప్పండి. లింకులు పెట్టకండి, అడుగు భాగం ఫోటో పెట్టండి చాలు.