ఐవన్ క్లియరీ కోసం తీసుకున్న సబ్‌స్క్రిప్షన్

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ మ్యాచ్‌లు చూపించే ఈ యాప్‌కి డబ్బు కట్టింది కోచ్ ఐవన్ క్లియరీ కోసమే, ఆ విషయంలో పూర్తి తృప్తి. 2002 గ్రాండ్ ఫైనల్లో వారియర్స్ ఆటగాడిగా ఓడిపోయిన మనిషి, 2011లో అదే టీమ్‌ని కోచ్‌గా ఫైనల్ దాకా తెచ్చి మళ్లీ ఓడాడు, 2020లో పెన్రిత్ టీమ్ కోచ్‌గా ఇంకోసారి... ఆ తర్వాత 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు టైటిళ్లు! పాత ఫైనల్స్ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే గానీ ఆ ఓపిక ఎంతటిదో తెలియదు. 2023ది అస్సలు వదలొద్దు, బ్రిస్బేన్ 24-8తో ముందున్నప్పుడు పెన్రిత్‌కి ఆడే ఆయన కొడుకు నేథన్ ఆఖరి 20 నిమిషాల్లో మ్యాచ్‌నే తిప్పేశాడు, 26-24తో పెన్రిత్ గెలిచింది. వీడియో బాగుంది. సెర్చ్ మాత్రం దారుణం, కోచ్ పేరు కొడితే ఏమీ రాదు, సంవత్సరం, టీమ్ ఇవ్వాల్సిందే.