పదిన్నర డబ్బా: ఉంచాలా, తీసేయాలా, బడే పెట్టాలా?

మా చిన్నది యూకేజీ. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరికి వ్యాను 7:40కి వస్తుంది. నిద్ర కళ్ళతోనే సగం ఇడ్లీ తిని, మిగతా సగం బుగ్గలో దాచుకుని ఎక్కేస్తుంది. బడిలో అన్నాల గంట 12:40కి. ఈమధ్య బడి నుంచి ఒక కాగితం వచ్చింది: 10:30కి ఇచ్చే స్నాక్స్ విరామం తీసేద్దామనుకుంటున్నాం, మీ అభిప్రాయం రాసి పంపండి అని.

మా అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. “మధ్యాహ్నం దాకా ఆగలేరేటి? మేం ఇంటర్వెల్లో మంచినీళ్ళు తాగొచ్చి కూర్చునేవోళ్ళం.” నిజమే. కానీ ఆవిడ పొద్దున గిన్నెడు గంజన్నం ఉల్లిపాయ నంజుకుని తిని, తొమ్మిది దాటాక పక్క వీధిలోని బడికి నడిచెళ్ళిన మనిషి. ఆవిడ మధ్యాహ్నం దాకా ఆగింది మూడు గంటలు. నా కూతురు ఆగాల్సింది అయిదు.

అందుకే బడి గంటలు చూసి తేల్చే విషయం కాదిది. ఆఖరి ముద్దకీ తర్వాతి ముద్దకీ మధ్య ఎంతసేపు అన్నదే లెక్క. నాలుగైదేళ్ళ పిల్లల పొట్ట చిన్నది, ఒకేసారి ఎక్కువ పట్టదు. కాలేయంలో దాచుకునే చక్కెర నిల్వా తక్కువే. శరీరం సైజుతో పోలిస్తే మెదడు వాడుకునే గ్లూకోజు మాత్రం పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువ. మూడు నాలుగు గంటలు దాటితే చిరాకు, ఏడుపు, బల్ల మీద తల వాల్చేయడం. “మీ పాప పదకొండు తర్వాత అసలు వినదండీ” అని టీచరు చెప్పినప్పుడు నేను దాని అల్లరే అనుకున్నాను. మా పెద్దాడి సంగతి వేరు. అయిదో తరగతి. ఎనిమిదింటికి రెండు అట్లు తిని సైకిలెక్కుతాడు. వాడి డబ్బా వారంలో మూడు రోజులు మూత తియ్యకుండానే ఇంటికొస్తుంది. వాడికి స్నాక్స్ విరామం అంటే ఆట విరామమే.

టీచర్ల వైపు కూడా న్యాయం ఉంది. ముప్పై మంది పిల్లలు చేతులు కడుక్కోవాలి, మూతలు తీయించుకోవాలి, ఒలికింది తుడవాలి. పది నిమిషాలన్నది అరగంట అవుతుంది. పైగా పోయిన ఏడాది ఈ విరామం 11:15కి ఉండేది. గంటన్నర తిరక్కుండానే భోజనం. పప్పన్నం డబ్బా నిండుగా ఇంటికి తిరిగొచ్చేది. అలాంటి విరామం ఉండడంకంటే లేకపోవడమే నయం. ఇంకో మాట కూడా వినిపించింది: స్నాక్స్ తీసేసి భోజనాన్నే 11:30కి జరుపుదామని. పొద్దుటి ఇబ్బంది తీరుతుంది గానీ, వ్యాను దిగేసరికి నాలుగున్నర అయ్యే పిల్లలకి అదే ఆకలి సాయంత్రానికి మారుతుంది, అంతే.

తమాషా ఏమిటంటే, ఈ చర్చ అంగన్‌వాడీలో లేదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి అక్కడ పొద్దున చిరుతిండి, మధ్యాహ్నం వేడి భోజనం, రెండూ పెట్టాలన్నది నియమం. 2013 నాటి చట్టంలో రెండూ కలిపి రోజుకి 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీను లెక్క ఉండేది. అదే వయసు పిల్ల ఫీజు కట్టి ఎల్‌కేజీలో చేరితే మాత్రం, ఆకలేస్తుందా వెయ్యదా అని మనం మీటింగులు పెట్టుకుంటాం.

సరే, విరామం ఉంచారనుకుందాం. మరి తినేదేమిటి? అసలు తేడా ఇక్కడే.

చిప్స్ ప్యాకెట్టు సంగతి ముందు చెప్పేస్తాను: దానికంటే ఖాళీ డబ్బా మేలు. ఉప్పు, నూనె కడుపు నింపినట్టే చేసి అన్నం మీద ఇష్టం పోగొడతాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడిలోనూ, గేటుకి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని 2020లోనే నిబంధనలు వచ్చాయి. మా బడి గేటు నుంచి ప్యాకెట్ల దండలు వేలాడే కొట్టుకి అడుగులు లెక్కపెట్టాను, ముప్పై దాటలేదు. క్రీము బిస్కెట్లు ఇంకో రకం తంటా. తీపిగానీ పిండిపదార్థంగానీ తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరిగి ఇరవై ముప్పై నిమిషాలు పళ్ళ మీద పనిచేస్తుంది. పంటి సందుల్లో అతుక్కుంటే ఇంకా ఎక్కువసేపు.

ఇంటి డబ్బా మంచిదే, అమ్మకి ఓపిక ఉన్న రోజున. ఉడికించిన చిలగడదుంప, జామ ముక్కలు, అరటిపండు (తొక్క తియ్యకుండా పెట్టండి, లేకపోతే నల్లబడిందని ముట్టరు), నువ్వుండ. వేరుశనగ పప్పు మాత్రం అయిదేళ్ళ లోపు వాళ్ళకి గింజలుగా వద్దు, గొంతులో అడ్డం పడుతుంది. పొడి కొట్టి బెల్లంతో ఉండ చుట్టాలి. ఎంత చేసినా డబ్బాలతో ఒక చిక్కు తప్పదు. ఒకరి డబ్బాలో పలాస జీడిపప్పు, పక్కవాడి డబ్బాలో ఏమీ లేదు. అయిదేళ్ళ పిల్లకి కూడా ఆ తేడా తెలుస్తుంది. నా కూతురే ఒకరోజు అడిగింది, “మనం జీడిపప్పు ఎందుకు కొనం?” అని.

చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉంటున్న మా అప్ప (అక్క) కొడుక్కి ఈ బాధ లేదు. వాడు సర్కారు బడిలో ఒకటో తరగతి. మధ్యాహ్న భోజనంతో పాటు వారంలో మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ, మూడు రోజులు వేరుశనగ చిక్కీ. చిక్కీ ముందు నుంచే ఉంది, జావ 2023 మార్చిలో కలిసింది. (మనం చోళ్ళంటాం, అంబలంటాం. కాగితం మీదికెక్కేసరికి రాగిజావ అయింది.) ఫోన్లో అప్ప ఆశ్చర్యపోయింది: “ఏటే, అంత ఫీజు తీసుకుని గుంటకి గ్లాసుడు అంబలైనా పొయ్యరేటి?”

జావని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. వంద గ్రాముల చోళ్ళలో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ గ్లాసు జావలో పది గ్రాముల పిండి వేస్తే వచ్చేది 34. దాని గొప్ప వేరే చోట ఉంది. వెచ్చగా ఉంటుంది, నమలక్కర్లేదు, అయిదు నిమిషాల్లో అయిపోతుంది, రెండు గంటల్లో అరిగిపోయి అన్నానికి చోటిస్తుంది, పక్కవాడి గ్లాసులోనూ అదే ఉంటుంది. చిక్కీకి మాత్రం నా మార్కులు తక్కువ. బలమే, కాదనను, కానీ పళ్ళకి అతుక్కుంటుంది. తిన్నాక నోరు పుక్కిలించమని ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి.

కాగితం మీద ఇలా రాశాను: నర్సరీ నుంచి రెండో తరగతి వరకు విరామం ఉంచండి, వీలైతే పది గంటలకే ఇవ్వండి. మూడో తరగతి నుంచి తీసేసినా నాకు అభ్యంతరం లేదు, ఆ పది నిమిషాలు ఆడుకోనివ్వండి. ప్యాకెట్లు ఆపండి. అందరికీ బడే జావ కాస్తానంటే నెలకి నా వంతు డబ్బులు కడతాను.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఆఖరి వాక్యం దగ్గర ఆగారు. “చోళ్ళు మనూరి నుంచి తెప్పిద్దాం గానీ, ఉండకట్టకుండా కాయడం వొచ్చేటి వాళ్ళకి?”