లిసీస్ స్టోరీ: వినాలా, చదవాలా, ముందు డొలోరెస్‌తో మొదలెట్టాలా?

అమెరికన్ నవలాకారుడు స్టీఫెన్ కింగ్ ‘లిసీస్ స్టోరీ’ ఆడియో విన్నవాళ్ల అభిప్రాయాలు పక్కపక్కన పెడితే, వీళ్లంతా విన్నది ఒకే పుస్తకమేనా అన్న అనుమానం వస్తుంది. కింగ్ రాసినవాటిలో ఇంత లోతైనది లేదంటారు కొందరు. మూడు గంటలు విన్నా కథ ఎక్కడుందో తెలియలేదంటారు ఇంకొందరు. ఈ రెండో రకంవాళ్లు కూడా చదివిన గొంతుని మాత్రం మెచ్చుకుంటారు. చదివింది నటి మేర్ విన్నింగ్‌హామ్, నిడివి సుమారు 19 గంటలు. చిక్కు గొంతులో లేదు, నవల అల్లికలో ఉంది. అందుకే ‘ఆడియో బాగుందా’ అని అడగడం కన్నా ‘ఈ నవలకి చెవి సరిపోతుందా’ అని అడగడం మేలు. సరిపోదనుకునేవాళ్ల కోసం కింగ్‌దే మరో నవల ‘డొలోరెస్ క్లైబోర్న్’ సంగతి కూడా తర్వాత చెప్తాను.

2006 అక్టోబరులో వచ్చిన నవల ఇది. పేరున్న రచయిత స్కాట్ లాండన్ చనిపోయి రెండేళ్లయింది. అతని భార్య లిసీ ఆ రాతగది సర్దడానికి పూనుకుంటుంది. అచ్చుకాని కాగితాల కోసం ఒక ప్రొఫెసర్ కాచుకుని ఉంటాడు. అతని మాట పట్టుకుని జిమ్ డూలీ అనే పిచ్చివాడు ఆమె వెంటపడతాడు. మరోపక్క అక్క అమాండా ఉలుకూ పలుకూ లేని స్థితిలోకి జారిపోతుంది. భయానక సాహిత్యానికిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు వచ్చింది కాబట్టి దెయ్యాల కథ అనుకుని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. నిజానికి ఇది పాతికేళ్ల కాపురం కథ, భయం అందులో ఒక గది మాత్రమే. నిరాశపడ్డవాళ్లలో సగంమంది ఈ లెక్క తప్పినవాళ్లే. కింగ్ మాత్రం తన నవలల్లో తనకు బాగా ఇష్టమైనది ఇదేనని చాలాసార్లు చెప్పారు.

చెవికి కష్టం ఎక్కడొస్తుందంటే, కథ ఒకేసారి అయిదు కాలాల్లో నడుస్తుంది. ఒకటి వర్తమానం. రెండోది 1988లో నాష్‌విల్: లైబ్రరీ శంకుస్థాపనలో స్కాట్ మీద కాల్పులు జరగడం, లిసీ చేతికందిన వెండి పారతో ఆ దుండగుణ్ణి కొట్టడం. మూడోది 1979లో యాంట్లర్స్ అనే హోటల్: మంచు కురుస్తుంటే చెట్టు కింద స్కాట్ తన రహస్యం విప్పడం. నాలుగోది 1996 చలికాలం: స్కాట్ మనసు ఎక్కడికో వెళ్లిపోతే లిసీ వెనక్కి తెచ్చుకోవడం. అయిదోది స్కాట్ బాల్యం: తండ్రి, అన్న పాల్. ఈ బాల్యం విడిగా రాదు, 1979 జ్ఞాపకంలో స్కాట్ చెప్పే మాటల్లోంచే మొదలవుతుంది. అంటే జ్ఞాపకంలో జ్ఞాపకం.

అచ్చులో ఇటాలిక్ అక్షరాలు, విభాగాల అంకెలు, మధ్యలో ఖాళీ జాగా కంటికి దారి చూపిస్తాయి. చదివేవాళ్లు గొంతు ఎంత మార్చినా, ఎంత ఆగి చెప్పినా, ట్రాఫిక్‌లో హారన్ల మధ్య ఆ తేడా దొరకదు. దీనికి తోడు లిసీ కొన్ని సంగతులు తనకే గుర్తురానివ్వదు, వాటిని ఊదారంగు తెర వెనక దాచుకుంటుంది. ఒక జ్ఞాపకం సరిగ్గా కీలకమైన చోట తెగిపోయి, ఎప్పటికో మళ్లీ అందుకుంటుంది. అక్కడ శ్రోత ‘నేనే ఏదో మిస్సయ్యాను’ అనుకుని వెనక్కి తిప్పుతాడు. మిస్సయినదేమీ ఉండదు, కింగ్ కావాలనే ఆపాడు. అలా నాలుగుసార్లు తిప్పితే విసుగొచ్చి యాప్ మూసేస్తారు. ఈ నవల వినేటప్పుడు పాటించాల్సిన మొదటి నియమం ఇదే: జ్ఞాపకం తెగినచోట వెనక్కి తిప్పకండి. వర్తమానంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకపోతేనే 30 సెకన్లు వెనక్కి వెళ్లండి.

రెండో ఫిర్యాదు ఆ దంపతుల సొంత మాటల మీద. అచ్చులో కళ్లు వాటిని దాటేస్తాయి, ఆడియోలో ప్రతిసారీ వినాల్సిందే. ‘స్మకింగ్’ అన్న తిట్టు వందోసారి వచ్చేసరికి పళ్లు నూరుకునేవాళ్లున్నారు. కానీ ఆ మాటలు తాళంచెవుల్లాంటివి, నాలుగు ముందే తెలిస్తే బోలెడు చిరాకు తగ్గుతుంది. ‘బూల్’ అంటే అన్న పాల్ చిట్టీలు దాచి తమ్ముడితో ఆడించే వేట, చివర్లో కూల్‌డ్రింకో మరో బహుమానమో ఉంటుంది. ‘బ్లడ్ బూల్’ అంటే తన ఒళ్లు తానే కోసుకుని చెల్లించే పరిహారం. ‘బ్యాడ్ గంకీ’ ఆ వంశానికి పట్టిన ఉన్మాదం. ‘సోవీసా’ అంటే అవసరమనిపించినప్పుడు నడుం బిగించమని. ఇక బూయా మూన్ స్కాట్ చిన్నప్పుడే కనిపెట్టిన వేరే లోకం. అక్కడి కొలను గాయాలు మాన్పుతుంది, చీకటి పడ్డాక మాత్రం అక్కడ ఉండకూడదు. ఇంతవరకు తెలిసినా కథ చెడిపోదు.

మరి ఏది మేలు? మొదటిసారి అయితే ఆడియో ఒక్కటే నమ్ముకోవడం దండగ. పుస్తకం, ఆడియో రెండూ కలిపి వెళ్లడం అన్నిటికన్నా మంచి దారి. నవల మూడు భాగాలు. మొదటి భాగాన్ని పుస్తకం ముందు పెట్టుకుని వినండి, కనీసం నాష్‌విల్ ఘట్టం పూర్తయ్యేదాకా. రెండో భాగం నుంచి చెవి ఒక్కటే చాలు, ఎందుకంటే అప్పటికి అయిదు కాలాల్లో ఏది ఏదో తెలిసిపోతుంది. ఒక చీటీ మీద ఆ సంవత్సరాలు, పక్కన ఊరు, ఒక గుర్తు రాసుకుంటే (1988, నాష్‌విల్, పార) ఇంకా సులువు. పుస్తకం రెండుసార్లు కొనే స్తోమత లేకపోతే లైబ్రరీ ప్రతి చాలు, కావాల్సింది మొదటి భాగమే కదా.

స్పీడు విషయంలో చాలామంది చేజేతులా చెడగొట్టుకుంటారు. 19 గంటలు చూసి భయపడి 1.5కి పెడితే సుమారు పన్నెండున్నర గంటల్లో అయిపోతుంది నిజమే, కానీ కాలం మారినచోట ఇచ్చే చిన్న విరామాలు నలిగిపోతాయి. శ్రోతకి ఆడియోలో దొరికే ఆనవాలు ఆ విరామాలే. మొదటి భాగానికి 1.0 దాటొద్దు, తర్వాత 1.2 వరకు ఫర్వాలేదు, అలా చేసినా కొంత సమయం కలిసొస్తుంది. ఇయర్‌ఫోన్ ఒకటే పెట్టుకుని ఒక చెవితో వింటూ ఆఫీసు పని చేసుకునే అలవాటుంటే ఈ పుస్తకం జోలికి వెళ్లొద్దు. నిద్రపోతూ వినడం అంతకన్నా అన్యాయం. స్లీప్ టైమర్ పదిహేను నిమిషాలకు పెట్టుకున్నా, లేచేసరికి ఏ కాలంలో ఉన్నారో తెలియదు.

2021లో ఆపిల్ టీవీ ప్లస్‌లో ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌గా వచ్చింది. జూలియన్ మూర్ లిసీగా నటించింది, స్క్రిప్టు మొత్తం కింగ్‌దే. ముందు అది చూసి తర్వాత వింటే కాలాల చిక్కు తగ్గుతుంది, అయితే నవలలో నెమ్మదిగా విప్పేది ముందే తెలిసిపోతుంది. ఆ బేరం నచ్చితేనే చూడండి.

ఇప్పుడు రెండో పుస్తకం. భర్త పోయిన ఆడదాని కథే కావాలి, చెవితోనే వినాలి అనుకునేవాళ్లు ముందు తీసుకోవాల్సింది ‘డొలోరెస్ క్లైబోర్న్’. 1992లో వచ్చింది, చదివింది ఫ్రాన్సెస్ స్టెర్న్‌హేగెన్, నిడివి సుమారు 9 గంటలు, అంటే లిసీలో సగం కూడా లేదు. మెయిన్ రాష్ట్రంలోని లిటిల్ టాల్ దీవిలో ఇళ్లల్లో పనిచేసి బతికిన ఆవిడ పోలీస్ స్టేషన్‌లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని వాంగ్మూలం ఇస్తుంది. యజమానురాలు వెరా డోనవన్‌ని తాను చంపలేదంటుంది, 1963 జులై 20న సూర్యగ్రహణం నాడు మొగుడు జో ఎలా చచ్చాడో మాత్రం దాచకుండా చెప్పేస్తుంది. నవలంతా ఒకే గొంతు. అధ్యాయాల్లేవు, విరామాల్లేవు, చివర్లో కొన్ని పత్రికా కత్తిరింపులు తప్ప. ఎదుటివాళ్లు అడిగిన ప్రశ్నలు కూడా మనకి వినపడవు, ఆవిడ జవాబుల్లోంచే ఊహించుకోవాలి. పుట్టడమే చెప్పే కథగా పుట్టింది కాబట్టి ఆడియోలో ఏమీ పోదు. పైగా అచ్చులో చదవడానికి విసుగ్గా ఉండే యాస రాత, స్టెర్న్‌హేగెన్ నోట మామూలు మాటైపోతుంది.

ఇక్కడా ఇబ్బందులున్నాయి, రకం వేరు. ఆ ఊరి ఇంగ్లిషు మన చెవికి మొదటి అరగంట పట్టుబడదు. పదాల చివర ‘ర్’ మింగేస్తారు. హాలీవుడ్ సినిమాల ఇంగ్లిషుకి అలవాటుపడ్డ తెలుగువాళ్లు ఆ అరగంటలో వదిలేయకుండా 0.9 స్పీడుకి తగ్గించుకుంటే చాలు, తర్వాత అదే దారికొస్తుంది. అధ్యాయాలు లేవు కాబట్టి యాప్‌లో కనిపించే విభాగాలు రచయిత పెట్టినవి కావు, వాటిని నమ్మి ఆపితే మాట మధ్యలో ఆగుతుంది. ఆవిడ సంగతి మార్చినప్పుడు ఆపి బుక్‌మార్క్ పెట్టుకోవాలి. గ్రహణం రోజు ఘట్టంలో ఒక చిన్నపిల్ల క్షణంపాటు కళ్ల ముందు మెదులుతుంది. తికమక పడకండి, ఆ పిల్ల అదే ఏడాది వచ్చిన ‘జెరాల్డ్స్ గేమ్’ కథలోది. అది చదవకపోయినా నష్టంలేదు.

హింస గురించి ముందే తెలుసుకోవాలి. లిసీలో డూలీ కేన్ ఓపెనర్‌తో ఆమెని కోసే సన్నివేశం, పిల్లల మీద తండ్రి క్రౌర్యం, తనని తాను కోసుకోవడం ఉన్నాయి. డొలోరెస్‌లో తండ్రి కూతురి మీద చేసే లైంగిక అఘాయిత్యం ఉంది. అచ్చులో పేజీ తిప్పేయొచ్చు, ఆడియోలో ఎంతసేపు దాటాలో తెలియదు. ఇలాంటివి తట్టుకోలేనివాళ్లకి రెండూ వద్దు.

తోడు పోయిన నష్టాన్ని మగవాడి వైపు నుంచి కింగ్ చెప్పిన ‘బ్యాగ్ ఆఫ్ బోన్స్’ (1998) కూడా శ్రోతల మాటల్లో తరచూ వస్తుంది. భార్య హఠాత్తుగా పోయాక రాయలేకపోయిన రచయిత మైక్ నూనన్ కథ. చదివింది కింగ్ స్వయంగా. ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ గొంతు నటులతో పోలిస్తే చాలా సాదాగా ఉంటుంది, కొందరికి అదే నచ్చదు. కానీ రచయిత పాత్ర తన మాటగా చెప్పే కథని రచయితే చదివితే వచ్చే నమ్మకం వేరు. కథ దాదాపు వరసలోనే నడుస్తుంది, అచ్చమైన దెయ్యం ఇల్లు కూడా ఉంది. నిడివి మాత్రం లిసీ కన్నా తక్కువేం కాదు.

ఒక్కటే కొనగలిగితే డొలోరెస్ కొనండి. ఇంగ్లిషు ఆడియో బాగా అలవాటై, పుస్తకం కూడా చేతిలో ఉండి, రోజూ గంటసేపు కదలకుండా కూర్చునే వీలుంటే లిసీ. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున ముక్కలుగా వినేవాళ్లకి లిసీ దాదాపు రెండు నెలలు పడుతుంది, అంత ఎడం వస్తే అయిదు కాలాలూ కలిసిపోవడం ఖాయం. డొలోరెస్‌ని అదే లెక్కన విన్నా నెలలోపే అయిపోతుంది, దారీ తప్పదు.