మూడేళ్ల బ్లెండర్, చేదెక్కిన కివీ స్మూతీ

వాట్లు, బ్లేడ్ల లెక్క డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. గ్లాసునే తలకిందులు చేసి బిగించే చిన్న బ్లెండర్ ఇది, మూడేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. దీని మీద నాకు ఇంత ఇష్టం ఎందుకంటే, గడ్డకట్టిన అరటిపండు ముక్కల్ని పలుకు తగలకుండా మెత్తగా తిప్పేస్తుంది. తొక్క మీద మచ్చలు పడేంత మగ్గిన పండు ముక్కలు కోసి రాత్రి ఫ్రీజర్‌లో పెడితే, పొద్దున పాలతో కలిపి ఐస్‌క్రీమ్‌లా చిక్కగా వస్తుంది. చక్కెర అక్కర్లేదు, ఐస్ కరిగి నీళ్లగా అయిపోతుందన్న బాధ కూడా లేదు.

రాత్రే తిప్పి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున హాయిగా తాగి వెళ్లొచ్చని కొన్న కొత్తలో అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన ఏడాది వారం రోజుల పాటు స్మూతీ నోట్లో పెట్టుకోలేనంత చేదు. ముందు అనుమానం గ్యాస్కెట్ మీదే, సబ్బు నీళ్లు పట్టుకుందేమో అని వేడినీళ్లలో నానబెట్టాను, తర్వాత కొత్తది వేశాను, పాలు కూడా మార్చాను. అయినా అంతే. ఒకరోజు అప్పుడే తిప్పి సగం తాగాను, తియ్యగా బాగుంది. ఈలోపు ఫోన్ వచ్చింది, మాట్లాడి వచ్చి అరగంట తర్వాత మిగతా సగం తాగితే చేదు! అదే గ్లాసు, అవే పాలు. అప్పుడు వెలిగింది, ఆ వారమే కివీ వేయడం మొదలుపెట్టాను. కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే చేదు. పెరుగు వేసినా అదే కథ. తాజా అనాసలో బ్రోమెలైన్, బొప్పాయిలో పపైన్ కూడా ఇదే పని చేస్తాయి. ఫ్రీజర్‌లో పెట్టిన పండు కదా అని నేను ధీమాగా ఉన్నాను, కానీ చలికి ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుందే తప్ప చావదు, వేడి తగిలితేనే పోతుంది. అందుకే డబ్బా అనాసతో ఈ ఇబ్బంది రాదు, డబ్బాలో పెట్టేటప్పుడే దాన్ని వేడి చేసేస్తారు.

పాపం, గ్యాస్కెట్‌ను అనవసరంగా తిట్టుకున్నాను. దాని మీద వేరే ఫిర్యాదు మాత్రం ఉంది, స్ట్రాబెర్రీ గింజలు దాని కింద ఇరుక్కుంటాయి, ప్రతిసారీ ఊడదీసి కడగాలి, ఒక్కరోజు బద్ధకిస్తే వాసన. ఇంకోటి, గ్లాసులో గడ్డకట్టిన ముక్కలు ముందు వేసి పాలు చివర్లో పోయండి, తిరగేసినప్పుడు పాలే బ్లేడ్ల దగ్గరికి వస్తాయి. నేను ఇది తెలియక చాలాకాలం మధ్యలో ఆపి ఊపుతూ కూర్చున్నాను. వేడివి మాత్రం అసలు వేయొద్దు, మూత బిగించిన గ్లాసులో ఆవిరి ఒత్తిడి ప్రమాదం.

నేను ఒక్కదాన్నే, తిప్పిన ఐదు నిమిషాల్లో తాగేస్తాను కాబట్టి నాకు సరిపోయింది. నలుగురికి చేయాల్సిన ఇల్లయితే నాలుగుసార్లు తిప్పాలి, అప్పుడు పెద్ద జార్ ఉన్నదే నయమేమో. రాత్రే చేసి పెట్టుకునేవాళ్లయితే అరటి, మామిడి లాంటి వాటితో ఆగండి, కివీ వేయాలనిపిస్తే పాలు లేకుండా నారింజ రసంతో తిప్పి చూడండి.