పరాయి దేశం వెళ్తే ముందేం చూడాలి: కోటా, సంతా, సూపర్‌మార్కెట్టా?

మా వీధిలోనే మూడిళ్ళ పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. వీసా చేతికి రాగానే వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడిగే మాట ఒకటే, "అక్కడ ముందేం చూడాలండీ?" అని. నేను శ్రీకాకుళం నుంచి జర్మనీలో మా అమ్మాయి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి, మూడేసి నెలలు ఉండి వచ్చాను. కోటలు చూశాను, శనివారం పొద్దున్న ఊరి నడిబొడ్డున పెట్టే సంత చూశాను, ఇంటి పక్క సూపర్‌మార్కెట్‌కి రోజు విడిచి రోజు వెళ్ళాను. ఆ మనుషులు ఎలా బతుకుతున్నారో నాకు ఎక్కువగా చెప్పింది సూపర్‌మార్కెట్టే.

కోట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. విజయనగరం కోట చూసినవాడికి పూసపాటి రాజుల వైభవం తెలుస్తుంది. గంటస్తంభం దగ్గర బండి మీద ఇడ్లీ తిని పనికి పోయే మనిషి గురించి ఏం తెలుస్తుంది? అక్కడి కోటలూ అంతే. చూడండి, తప్పకుండా చూడండి. కానీ మొదటి వారమే అక్కర్లేదు.

అసలు పోటీ సంతకీ సూపర్‌మార్కెట్‌కీ మధ్య.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు కన్ను పడింది కోడిగుడ్డు మీద. ప్రతి గుడ్డు మీదా ఎర్ర సిరాతో ఒక నంబరు అచ్చు కొట్టి ఉంది. అమ్మాయిని అడిగితే చెప్పింది. మొదటి అంకె కోడిని పెంచిన తీరు: సున్నా అయితే సేంద్రియ పెంపకం, ఒకటి అయితే బయట తిరిగే కోడి, రెండు అయితే పంజరం లేకుండా షెడ్డులో పెరిగింది, మూడు అయితే పంజరంలోది. ఆ తరవాతి అక్షరాలు దేశానివి, మిగతా అంకెలు ఆ కోళ్ళఫారానివి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 2004 నుంచీ ఇదే పద్ధతట. అరచేతిలో గుడ్డు పెట్టుకుని చాలాసేపు చూశాను. మన దగ్గర నాటుగుడ్డు అవునో కాదో అమ్మే మనిషి మొహం చూసి నమ్ముతాం. అక్కడ నమ్మకాన్ని గుడ్డు మీదే రాసిపెట్టారు. ఈ ఒక్క తేడా ఏ గైడూ నాకు చెప్పలేదు.

ఇలాంటివి అరలరల్లోనూ ఉంటాయి. ధర కాగితం మీద పాకెట్ ధరతో పాటు కింద చిన్న అక్షరాల్లో కేజీ ధర కూడా ఉంటుంది, పెద్ద పాకెట్ లాభమో చిన్నది లాభమో పిల్లలు కూడా చెప్పేయొచ్చు. కూరగాయల దగ్గర ఏ దేశం నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. రొట్టెలకైతే ఒక గోడంతా ఇచ్చేశారు. ఇన్ని రొట్టెలు ఎవరు తింటారా అనుకున్నాను. రాత్రి భోజనాన్ని వాళ్ళు 'ఆబెంట్‌బ్రోట్' అంటారని, అంటే 'సాయంత్రపు రొట్టె' అని తెలిశాక ఆ గోడ అర్థమైంది. చాలా ఇళ్ళలో రాత్రికి పొయ్యి వెలిగించరు, రొట్టె, చీజు, ముక్కలు కోసిన మాంసం, అంతే. బియ్యం మాత్రం అరకేజీ, కేజీ పాకెట్లలో ఒక మూల ఉంటాయి. మన షాపులో 26 కేజీల బస్తాలు గుట్టలుగా ఉంటాయి కదా. 2022 జులైలో 25 కేజీల వరకూ ఉన్న పాకెట్ల మీద జీఎస్టీ వేశాక ఆ ఒక్క కేజీ పెరిగింది. అంటే మన బస్తా కూడా మన కథ చెబుతోంది, చూసేవాళ్ళు ఉండాలి గానీ.

సీసాల మెషీను దగ్గర ఇంకో పాఠం. నీళ్ళసీసా కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా ఆ మెషీనులో వేస్తే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు. మంచి పద్ధతి అని మురిసిపోయాను. తరవాత ఒకరోజు స్టేషన్ బయట ఒక పెద్దాయన చెత్తడబ్బాల్లో టార్చిలైటు వేసి సీసాలు వెతుక్కోవడం చూశాను. శుభ్రమైన కోటు, చేతిలో గుడ్డసంచీ. అంత డబ్బున్న దేశంలో ముసలితనం అందరికీ ఒక్కలా లేదని ఆ రోజే తెలిసింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మరి సంత? శనివారం సంత అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా వచ్చే తెల్ల ఆస్పరాగస్ అనే మొలకకాడల కూర కోసం అక్కడ వాళ్ళ ఆరాటం చూస్తే మనవాళ్ళు తాటిముంజల కోసం ఎదురుచూడడం గుర్తొచ్చింది. రైతు తన పంట తనే అమ్ముకుంటున్నాడు. కానీ నాకు అక్కడ నోరు లేదు. సంతకి ప్రాణం మాట. అమ్మాయి జర్మన్‌లో మాట్లాడి, వాళ్ళు నవ్వి, ఆమె నవ్వి, నాకు ఆ నవ్వులో పావు వంతు తెలుగులో అందేది. పైగా ధరలు ఎక్కువ, వచ్చేవాళ్ళు కాస్త కలిగినవాళ్ళు. ఊరంతా వారం సరుకులు కొనేది సూపర్‌మార్కెట్‌లోనే. అక్కడ మనం ఒక్క మాట రాకపోయినా గంటసేపు తిరగొచ్చు, ఏం కావాలని ఎవరూ వెంటపడరు. భాష రానివాళ్ళకి ఇంతకన్నా మంచి బడి లేదు.

అదే మన ఊరికి పరాయివాళ్ళు వస్తే నా తీర్పు పూర్తిగా తిరగబడుతుంది. ఏసీ మార్టుకి తీసుకెళ్ళకండి. అక్కడున్న సబ్బులూ బిస్కెట్లూ హైదరాబాద్‌లోనూ అవే. రైతుబజారుకి తీసుకెళ్ళండి. 1999లో మొదలైన ఈ బజార్లలో ధరలు బోర్డు మీద రాస్తారు నిజమే, కానీ అసలు బతుకు బోర్డు కింద ఉంటుంది. మన ఆనపకాయలు, బరబాటీలనే అలసంద కాయలు, చోళ్ళనే రాగులు, ఎండు మెత్తళ్ళు, ఉద్దానం నుంచి వచ్చిన పనసకాయలు. నేను జర్మనీ నుంచి వచ్చాక మొదటిసారి వెళ్తే కూరలామె గంప వెనక నుంచే కేకేసింది, "ఎక్కడికెళ్ళిపోనావమ్మా, మూణ్ణెల్లై అగుపడనేదు!" ఏ మెషీనూ నన్నలా అడగలేదు.

నిరుడు ఫిబ్రవరిలో అల్లుడితో పనిచేసే జర్మన్ కుర్రాడు వచ్చాడు. అరసవల్లి, శ్రీకూర్మం చూపించాం, శ్రద్ధగానే చూశాడు. రైతుబజారులో మాత్రం కదలనన్నాడు. పనసకాయ పొట్టు కొట్టే అతని ముందు అరగంట నిలబడ్డాడు. చెక్కు తీసి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, టకటకా కొడుతుంటే పొట్టు దూదిలా రాలుతోంది. తరవాత కూరలామె వంకాయలు తూచి, పైన గుప్పెడు పచ్చిమిరపకాయలు వేసింది. వాటికి డబ్బెంత అని అడిగాడు. కొసరు అని చెప్పాం. దాన్ని ఏ ఖాతాలో రాస్తారు అని అడిగాడు. అతనికి అల్లుడు చాలాసేపు చెప్పాడు.

కాబట్టి మీరు ప్రయాణమైతే నా మాట ఇది: ఊరు జనం తమ వారం డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతున్నారో మీ పిల్లల్ని అడగండి, మొదట అక్కడికే వెళ్ళండి. జర్మనీ, దాని చుట్టుపక్కల అయితే అది సూపర్‌మార్కెట్. సంతకి రెండో శనివారం, భాష వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని. కోటకి నెల తిరిగాక. సూపర్‌మార్కెట్‌లో సామాను బండికి వేయడానికి ఒక యూరో నాణెం జేబులో ఉంచుకోండి, అది పెడితే గానీ తోపుడుబండి ఊడిరాదు, బండి తిరిగి పెట్టాక నాణెం మీదే. సామాను సంచీలో మీరే సర్దుకోవాలి, గుడ్డసంచీ ఇంటి నుంచి పట్టుకెళ్ళండి. పాలు, రొట్టె శనివారం సాయంత్రానికల్లా తెచ్చుకోండి, ఆదివారం జర్మనీలో దాదాపు అన్ని దుకాణాలూ మూసే ఉంటాయి.