స్ట్రోక్ (పక్షవాతం) వస్తే దగ్గరి ఆసుపత్రికా, నేరుగా సిటీకా: ఏది మేలు?

మూతి ఒక పక్కకి లాగేసి, చెయ్యి పడిపోయి, మాట ముద్దగా వస్తోందంటే ఇంట్లో ఎవరో ఒకరు వెంటనే అనే మాట, "ఇక్కడెందుకు, కారు తియ్యి, హైదరాబాద్ వెళ్లిపోదాం". భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైనే. ఎంత తొక్కినా ఐదారు గంటలు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా ఇచ్చేది లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు, అదీ ఎంత ముందైతే అంత మంచిది. అంటే కారు సూర్యాపేట దాటే వేళకే ఆ అవకాశం దాదాపు పోయినట్టే.

దగ్గరి ఆసుపత్రి వైపు నేను మొగ్గడానికి కారణం ఇదే, కానీ ఏ దగ్గరి ఆసుపత్రి అయినా సరే అనను. రాత్రి రెండింటికి కూడా నడిచే సీటీ స్కాన్ ఉండాలి, ఇంజెక్షన్ స్టాకులో ఉండాలి, స్కాన్ ఫోన్లో పంపితే చూసి చెప్పే న్యూరాలజిస్ట్ (మెదడు, నరాల డాక్టరు) ఎక్కడో ఒకచోట లైన్లో ఉండాలి. సీటీ లేకుండా ఏదీ కుదరదు, ఎందుకంటే గడ్డ అడ్డుపడినా, రక్తనాళం చిట్లి రక్తం కారినా పైకి లక్షణాలు ఒకేలా ఉంటాయి, రెండో రకానికి ఈ ఇంజెక్షన్ ఇస్తే మనిషే పోవచ్చు. ఈ మూడూ కుదిరితే చిన్న ఆసుపత్రి కూడా చెయ్యగలదు. హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి చేస్తున్నారు: కొండల్లోని జిల్లా ఆసుపత్రుల్లో మామూలు ఫిజీషియన్లే, ఫోన్లో న్యూరాలజిస్ట్ సలహాతో ఈ ఇంజెక్షన్ ఇస్తున్నారు, అదీ ఉచితంగా.

మరి సిటీ ఎందుకు? పెద్ద రక్తనాళం మూసుకుపోతే ఇంజెక్షన్ ఒక్కటే చాలాసార్లు సరిపోదు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డని లాగెయ్యాలి, థ్రాంబెక్టమీ అంటారు. దానికి క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేలో చూస్తూ రక్తనాళాల్లోకి గొట్టం పంపే గది), ఆ పని తెలిసిన డాక్టరు కావాలి, అవి హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్లే దొరుకుతాయి. అందుకని ఇక్కడ ఇంజెక్షన్ మొదలుపెట్టి, అది ఎక్కుతుండగానే అంబులెన్స్‌లో అక్కడికి పంపడం మధ్యే మార్గం. స్పెయిన్‌లోని కాటలోనియాలో పెద్ద నాళం మూసుకుపోయిందని అనుమానం ఉన్నవాళ్లని సగం మందిని నేరుగా పెద్ద సెంటర్‌కీ, సగం మందిని ముందు దగ్గరి ఆసుపత్రికీ పంపి చూశారు, 90 రోజుల తర్వాత పెద్ద తేడా కనపడలేదు. అక్కడి దగ్గరి ఆసుపత్రులు స్ట్రోక్‌కి అలవాటుపడినవి, అంబులెన్స్ నుంచే ముందుగా ఫోన్ వెళ్తుంది. మన దగ్గర రిఫర్ చీటీ రాయడానికే గంట పడితే ఆ ఫలితం మనకి వర్తించదు.

ఇక పసరు మందు, పావురం రక్తం పూయడం అనే మూడో దారి. పోల్చడానికి కూడా ఏమీ లేదు.

వార్డు సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, సగం ఫలితం అక్కడే తేలుతుంది. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో జరిగిన అధ్యయనంలో (2011లో వచ్చింది) జ్వరం, షుగర్, మింగగలుగుతున్నారా లేదా అన్న మూడూ నర్సులు పద్ధతిగా చూసుకున్న చోట మరణాలూ, మంచాన పడిపోవడమూ కలిపి చూస్తే తగ్గాయి. ఇందులో ఖరీదైన మెషీన్ ఏదీ లేదు, ఏరియా ఆసుపత్రిలో కూడా చెయ్యొచ్చు. మనవాళ్లు మాత్రం పాపం నీరసంగా ఉన్నాడని మింగలేని మనిషి నోట్లో గ్లూకోజు నీళ్లు పోస్తారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. బీపీ ఎక్కువుందని ఇంట్లోనే మాత్ర వేసెయ్యడం కూడా అంతే ప్రమాదం.

కాబట్టి సిటీ ముప్పావు గంట లోపే ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి, ఆలోచించక్కర్లేదు. అంతకన్నా దూరమైతే సీటీ స్కాన్, ఇంజెక్షన్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి, వీలైతే 108లో. మనిషి చివరిసారి బాగానే ఉన్న టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. పొద్దున లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే రాత్రి పడుకున్న టైమే లెక్క. అప్పటికే 4.5 గంటలు దాటినా ఆశ వదలక్కర్లేదు, స్కాన్‌లో ఇంకా కాపాడగలిగిన మెదడు కనపడిన కొందరికి 24 గంటల దాకా థ్రాంబెక్టమీ చేస్తారు, అలాంటప్పుడు మాత్రం సిటీ దారే సరైనది.